చికై, త్సుకైల మధ్య చిక్కు: జపనీస్ లిజనింగ్ సాధన

జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్4 స్థాయికి సిద్ధమవుతూ ఈ విడతలో షాడోయింగ్‌ను, అంటే వింటూనే వెంట పలకడాన్ని, పక్కనబెట్టి పూర్తిగా డిక్టేషన్‌కు, అంటే విన్నది రాయడానికి, మారాను. వాక్యక్రమం ఎలాగూ తెలుగుదే. మన ‘తిని చూడు’ అక్కడ అచ్చంగా ‘తబెతె మిరు’. నాలుగో తేదీ ‘యొక్క’కూ, ఎనిమిదో తేదీ ‘యోక’కూ తేడా పట్టడం ద్విత్వాలు, దీర్ఘాలు పుట్టుకతో వచ్చిన మనకు లెక్కలోనిది కాదు.

ప్రాణం తోడేస్తున్నది మాత్రం ‘దగ్గర’ అనే అర్థమున్న చికై, ‘వాడకం’ అనే అర్థమున్న త్సుకై. టోక్యో ఉచ్చారణలో క, స, త వంటి శ్వాసాల (గొంతు మోగకుండా పలికే హల్లుల) నడుమ చిక్కిన ఇకార ఉకారాలు నాదం, అంటే గొంతు మోత, కోల్పోతాయి కనుక, సహజ వేగంలో ఇవి చ్‌కై, త్స్‌కై అయిపోతాయి. ‘కాదు’ అనడానికి వాడే చిగైమస్‌లో గకారం నాదం కావడం వల్ల ఇకారం నిలబడుతుంది. దానిని నేనెప్పుడూ తప్పుగా రాయలేదు. అంటే ఇబ్బంది అచ్చు మాయమైన చోటనే ఉందన్నమాట. వేగాన్ని 0.75కు తగ్గించినా లాభం లేదు, ఎందుకంటే ఉన్న ఊదు (హల్లులో గాలి రాపిడి చప్పుడు) సాగుతుందే తప్ప లేని అచ్చు తిరిగి రాదు.

ధ్వనిని విశ్లేషించే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాను. ఉచ్చారణ సాధనకు డబ్బు పెట్టి కొనే యాప్‌లన్నిటికంటే ఈ ఉచిత సాధనమే నాకు మేలనిపిస్తుంది. అయితే అందులో స్పెక్ట్రోగ్రామ్ (ఏ పౌనఃపున్యంలో ఎంత బలముందో చూపే బొమ్మ) మొదట 5,000 హెర్ట్జ్ వరకే కనిపిస్తుంది, త్స ఊదులో అసలు బలమంతా ఆ పైననే ఉంటుంది కాబట్టి, పరిమితిని 10,000కు పెంచితే గాని బొమ్మ తేటపడలేదు. చ ఊదు దాదాపు 3,000 నుంచే మొదలవుతోంది. నా గొంతులోని త్సుకైలో ఉకారం సుమారు 60 మిల్లీసెకన్లు మోగుతుంటే, టోక్యో గొంతులో ఆ చోట నాదమే లేదు. ఊదు, ఆ వెంటనే కకారానికి ముందరి నిశ్శబ్దం.

మొదటి అనుమానం హెడ్‌సెట్ మీద. మైకు వాడగానే బ్లూటూత్ కాల్ పద్ధతికి మారుతుంది. ధ్వనిని కుదించి పంపే కోడెక్ పాతదైతే 4,000 హెర్ట్జ్ పైనున్నదంతా తెగిపోతుంది. ఆన్‌లైన్ తరగతికి తీగ ఇయర్‌ఫోన్ పెట్టాక కొంత మెరుగైంది గాని పూర్తిగా కాదు. రెండో అనుమానం తెలుగు చెవి మీద. చిలుకలోని చ తాలవ్యం, చుక్కలోని చ దంత్యం. వెనుకనున్న అచ్చును బట్టి అవి మారుతాయి కనుక మనం రెండింటినీ ఒకే అక్షరంగా వింటాం. ఆ అచ్చే మాయమైతే నా చెవికి ఆధారం తప్పుతోందని నా ఊహ.

రోజంతా వింటూ ఉంటే అదే పట్టుబడుతుందనే సలహా మీద, ఇలాంటి భేదాల విషయంలో, నాకు నమ్మకం లేదు. జపనీయులకు ఇంగ్లీషు ర-ల భేదం నేర్పడానికి లోగన్, లైవ్లీ, పిసోనీలు 1991లో ప్రచురించిన ప్రయోగం పలువురి గొంతులతో, జవాబు వెంటనే తెలిసేలా సాగింది. అదే దారిలో, పదాల ఉచ్చారణలు దొరికే ఫోర్వో సైటు నుంచి వేర్వేరు గొంతులు తీసి, ముందువైపు ధ్వని తప్ప మరేమీ లేకుండా ఆంకీ అనే యాప్‌లో పునశ్చరణ కార్డులు చేశాను. కృత్రిమ స్వరాలను ఒక్కటీ చేర్చలేదు. అవన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. విడి పదాల్లో ఇప్పుడు తడబాటు తగ్గింది. వాక్యంలో కలిసి వస్తే మళ్ళీ పాత కథే. సందర్భం సాయపడుతుందంటారు గాని, పరీక్షలో ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది, పైగా వెంటనే బదులు ఎంచుకోవలసిన చిన్న ప్రశ్నల్లో ఊహించడానికి సందర్భమంటూ పెద్దగా ఉండదు.

తరువాత స్వరస్థాయిని, అంటే పదంలో గొంతు ఎక్కడ హెచ్చి ఎక్కడ తగ్గుతుందో దాన్ని, పట్టుకోవాలి. ప్రామాణిక ఉచ్చారణలో చికై ‘క’ తరువాత దిగుతుంది, త్సుకై దిగకుండా సాగుతుంది. కాబట్టి మొదట్లో పోయిన ఆనవాలు చివరలో దొరకవచ్చు. అచ్చులు ఎక్కువగా నిలిచే ఒసాకా గొంతులతో మొదలుపెడదామనుకున్నాను గాని, అక్కడి స్వరస్థాయి పద్ధతి వేరు కనుక ఆ రికార్డులను విడి డెక్‌లో (కార్డుల కట్టలో) పెట్టి, ముందు టోక్యో గొంతులతోనే వాక్యాల్లో ఆ పదాల చివరలు వింటాను.