గచ్చిబౌలిలో గుంథర్‌కి నాలుగు నక్షత్రాలు

హైదరాబాద్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ షో చూసొచ్చానని చెబితే ఎవరైనా ముందు అడిగేది అమెరికా వస్తాదు జాన్ సీనా గురించే. సీనా బాగానే ఉన్నాడు, ఆయన సంగతి తర్వాత చెబుతాను. నన్ను ఈ రాతకి కూర్చోబెట్టింది మాత్రం గుంథర్, షాంకీల మ్యాచ్. మా వాట్సాప్ గ్రూపులో కుర్రాళ్ళు ఫోన్లలో ముక్కలు ముక్కలుగా వచ్చిన వీడియోలు చూసి దానికి అయిదింటికి రెండు నక్షత్రాలిచ్చి పక్కన పడేశారు. హాల్లో కూర్చుని చూసినవాడిగా నాకు ఒళ్ళు మండింది.

2023 సెప్టెంబరు 8, శుక్రవారం. గచ్చిబౌలి జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియం. మాది ముమ్మిడివరం దగ్గర. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళి రైలెక్కమని ఇంట్లో అన్నారు గానీ, గౌతమి ఎక్స్‌ప్రెస్‌ని మొదట్నుంచీ ఎక్కితేనే నాకు ప్రయాణంలా ఉంటుందని కాకినాడ బస్సెక్కాను. ఎదుర్లంక దగ్గర గోదావరి దాటే వంతెనకీ బాలయోగి గారి పేరే. అది రాకముందు మాకు రేవు దాటించే పెద్ద పడవ, పంటే గతి. ఎండలో రేవు దగ్గర గంటలు గంటలు నిలబడ్డ రోజులు మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. లోక్‌సభ స్పీకరుగా ఉండగానే, 2002 మార్చిలో హెలికాప్టర్ కూలి పోయారాయన. మా కోనసీమ మనిషి పేరున్న వంతెన దాటి, ఆయన పేరే ఉన్న స్టేడియానికి వెళ్తున్నానని బస్సులో కిటికీ పక్కన కూర్చుని అనుకుంటే, ఏదో సొంత పని మీద వెళ్తున్నట్టే అనిపించింది.

రైల్లో నిద్ర పట్టలేదు. లింగంపల్లిలో దిగేసరికి తెల్లారిపోయింది. స్టేషన్ బయట ఆటో అతను గచ్చిబౌలికి చెప్పిన రేటు వింటే మా ఊళ్ళో కాకినాడ దాకా వెళ్ళి రావచ్చు. బేరమాడితే మొహం తిప్పుకున్నాడు. ఆ వారం మొదట్లో కురిసిన వానకి రోడ్లు ఇంకా తేరుకోలేదు, గుంటల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. రూము, టిఫిను, మధ్యాహ్నం నిద్ర గురించి చెప్పడానికేమీ లేదు. సాయంత్రం కొండాపూర్ వైపు నుంచి స్టేడియానికి వెళ్ళే దారిలో ట్రాఫిక్ చూసి టెన్షన్ పట్టుకుంది. చివరి కిలోమీటరు దిగి నడిచేశాను. నాలాగే నడుస్తున్నవాళ్ళలో సగం మందికి సీనా రంగురంగుల టీ షర్టులు. లోపల నీళ్ళ సీసా ధర రాయడానికి కూడా మనసొప్పడం లేదు. పాప్‌కార్న్ జోలికే పోలేదు.

హాలు మరీ పెద్దదేమీ కాదు, 5,000 మంది పట్టే ఇండోర్. అదే దాని బలం. టీవీలో కనిపించే అమెరికా స్టేడియాల్లో చివరి వరసవాడికి రింగు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. ఇక్కడ నేను కొన్న చవక సీట్లోంచి కూడా తాళ్ళు ఊగడం తెలుస్తోంది.

నా పక్క సీట్లో ధూల్‌పేట నుంచి వచ్చిన పెద్దాయన. మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. వయసులో ఉండగా అఖాడాలో కుస్తీ పట్టారట. చెవులు చూస్తేనే తెలుస్తుంది, నలిగి ముద్దలైపోయి ఉన్నాయి. నేను చిన్న నోట్‌బుక్ తీసి మ్యాచ్‌ల పేర్లు రాసుకుంటుంటే తొంగి చూసి, "గిదేంది తమ్మీ, పరీక్షనా?" అన్నారు. మార్కులు వేస్తానని చెప్పాను.

నక్షత్రాలివ్వడమనే అలవాటు మాలాంటి పిచ్చివాళ్ళందరికీ డేవ్ మెల్ట్జర్ అనే అమెరికా విలేఖరి నుంచి వచ్చింది. సున్నా నుంచి ఐదు, మధ్యలో పావులు. ఆయనే 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో ఒకాడా, కెన్నీ ఒమేగాల మ్యాచ్‌కి ఆరు ఇచ్చి, ఐదుతో ఆగనక్కర్లేదని తేల్చేశాడు. అప్పట్నుంచి గొడవలే గొడవలు. కానీ మాకు మార్కుల పిచ్చి అంతకంటే ముందునుంచే ఉంది. చిన్నప్పుడు కిళ్ళీ కొట్లో దొరికే రెజ్లింగ్ కార్డులు గుర్తున్నాయా? ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. ఎవడి చేతిలో పొడుగు వస్తాదు ఉంటే వాడు "హైట్" అని అరిచి కార్డు లాగేసుకునేవాడు. మా బడి వరండాలో ఆ కార్డుల కోసం చొక్కాలు చిరిగాయి. మనిషి బలమంతా కార్డు మీది అంకెల్లోనే ఉందని గట్టిగా నమ్మేవాళ్ళం.

పెద్దాయనకి నా పద్ధతి చెప్పాను. టీవీ షోలో ఒక మ్యాచ్ వెనక నెలల తరబడి నడిచిన కథ ఉంటుంది. ఊరూరా తిరిగే షోలో అది ఉండదు. గంట మోగినప్పుడు హాలు ఏ మూడ్‌లో ఉంది, అయిపోయేసరికి ఎక్కడికి చేరింది, నేను మార్కులు వేసేది దానికే. ఆయన కాసేపు ఆలోచించి అన్నారు: "కొట్టేటోన్ని చూడకు తమ్మీ. పడేటోన్ని చూడు. గాల్లకెల్లి కింద పడెటప్పుడు ఆనికి తెలుస్తది, పక్కోనికి ఏం కావద్దని."

"ఎవరు గెలవాలో అంతా ముందే అనుకున్నది కదా బాబాయ్ గారూ" అన్నాను, ఆయనేమంటారో వినాలని.

"అనుకున్నదే. పడేది మాత్రం నిజంగనే పడాలె గద?"

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అక్కణ్ణుంచి షో మొత్తం ఆయన చెప్పినట్టే చూశాను.

కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ కలిసి మనవాళ్ళు వీర్, సంగాల జోడీ ఇండస్ షేర్‌తో ఆడారు. జేన్ గాల్లో లేచి పడే పద్ధతే వేరు, ఒళ్ళంతా ఒక్కసారిగా చాపకి అంటుకుపోతుంది. పెద్దాయన తొడ చరిచి మరీ మెచ్చుకున్నారు. మనవాళ్ళు ఓడిపోయారు. మూడు నక్షత్రాలు. రియా రిప్లీ, నటాల్యాల టైటిల్ మ్యాచ్ నేను అనుకున్నదానికంటే బాగా వచ్చింది. రిప్లీ విలన్, కానీ హాలంతా ఆమె వైపే. నటాల్యాది కెనడాలో పేరున్న కుస్తీ కుటుంబం హార్ట్‌లది, పాత వస్తాదు జిమ్ నైడ్‌హార్ట్ కూతురు. ఎవరి మీద చప్పట్లు పడుతున్నాయన్న లెక్క పెట్టుకోకుండా ఒక్కో పట్టూ శుభ్రంగా వేసింది. ఇలాంటివాళ్ళు లేకపోతే అవతలి స్టార్ స్టార్‌లా కనబడదు. మూడుంబావు.

మెయిన్ ఈవెంట్ సీనా, సెత్ రోలిన్స్ ఒకవైపు, లుడ్విగ్ కైజర్, జియొవానీ వించీ ఇంకోవైపు. ఇండియాలో సీనా రింగులోకి దిగి ఆడడం అదే మొదటిసారి. అప్పుడు హాలీవుడ్ నటుల సమ్మె నడుస్తోంది, అందుకే మనకి దొరికాడని నేననుకుంటాను. ఆయన మ్యూజిక్ మొదలవగానే హాల్లో ఒక్కడూ కూర్చోలేదు. రోలిన్స్ పాటని జనమే పాడేశారు. కైజర్ మొహం చూస్తేనే తిట్టాలనిపించేలా ఆడాడు, అది చిన్న విద్య కాదు. కుస్తీగా చూస్తే తక్కువ, పండగగా చూస్తే ఎక్కువ. సీనా అలవాటు ప్రకారం తన మొహం ముందు చెయ్యి ఊపినప్పుడు పెద్దాయన మనవడు కుర్చీ ఎక్కేసి తనూ ఊపాడు. మూడున్నర ఇచ్చాను, అందులో అర ఆ పిల్లాడిది.

ఇప్పుడు గుంథర్. ఆస్ట్రియా మనిషి. 2022 జూన్ 10న రికోషే దగ్గర డబ్ల్యూడబ్ల్యూఈ టైటిళ్ళలో ఒకటైన ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు గెలిచాడు. అప్పటిదాకా ఆ బెల్టు ఒకే దఫాలో అందరికంటే ఎక్కువ కాలం ఉంచుకున్నవాడు హాంకీ టాంక్ మ్యాన్, 1987 నుంచి 1988 దాకా 454 రోజులు. లెక్కేసి చూడండి, గచ్చిబౌలి షో నాటికి గుంథర్‌కి 455. అంటే ముప్పై అయిదేళ్ళు చెక్కుచెదరని రికార్డు బద్దలైన రోజున ఆ బెల్టుతో ఆయన నిలబడ్డది మన హైదరాబాద్‌లో. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసిన నాలాంటివాళ్ళం గొంతు పోయేలా అరిచాం.

ఎదురుగా షాంకీ. గ్రేట్ ఖలీ అకాడమీలో తయారైన హర్యానా మనిషి, దాదాపు ఏడడుగులు. చిన్నప్పటి కార్డుల ఆటలో అయితే "హైట్" అన్న ఒక్క మాటతో గుంథర్ కార్డు పోయినట్టే. కానీ షాంకీకి రింగు అనుభవం తక్కువ. అలాంటి మనిషితో మ్యాచ్ నడపాలంటే అవతలివాడికి ఓపిక ఉండాలి, అహం ఉండకూడదు. ఛాంపియన్ తలచుకుంటే రెండు నిమిషాల్లో ముగించి వెళ్ళిపోవచ్చు. గుంథర్ అలా చేయలేదు. తలెత్తి షాంకీ వైపు చూసిన చూపులోనే, ఇతను ప్రమాదకరమైన మనిషి అని మాకు చెప్పేశాడు. షాంకీ దెబ్బలకి పడ్డ ప్రతిసారీ నిజంగానే పడ్డాడు. పెద్దాయన అయితే ముందుకి వంగిపోయి, "గట్లనే, గట్లనే" అంటూ కూర్చున్నారు.

ఇక ఆ చాప్. గుంథర్ అరచెయ్యి వెనక్కి తీసి షాంకీ ఛాతీ మీద వేసిన మొదటి దెబ్బకి హాలంతా ఒక్కసారి "ఓ" అంది. చాకిరేవులో తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడు. అందులో నటన ఏమీ లేదు. చర్మం మీద చర్మం పడితే ఎర్రబడక తప్పదు. రెండోదానికి మా ముందు వరసలో అమ్మాయి తన గుండె మీదే చెయ్యి పెట్టుకుంది.

షాంకీ గెలవడని ఆ హాల్లో అందరికీ తెలుసు. అయినా మ్యాచ్ మొదట్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు సగం అయ్యేసరికి లేచి నిలబడి "షాంకీ, షాంకీ" అంటున్నారు. ఒక మ్యాచ్ ఇంతకంటే ఏం చెయ్యాలి? గుంథరే గెలిచాడు. నాలుగు నక్షత్రాలు వేసి పెద్దాయనకి చూపిస్తే, "తక్కువేమో" అన్నారు. అందులో షాంకీ పనితనానికి పడిన మార్కులు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ మ్యాచ్‌కి మార్కులిచ్చేటప్పుడు ఇద్దర్నీ విడదీసి లెక్క కట్టకూడదు. వీడియోలో ఒక చాప్, చివర్లో భుజాలు చాపకి ఆనించే పిన్ చూసి రెండు నక్షత్రాలనేవాళ్ళు ఆ జనమంతా ఎలా లేచి నిల్చున్నారో చూడలేదు కదా.

నా కోపం ఇంకోటుంది. మనవాళ్ళు మన దేశంలో ఎప్పుడూ ఓడాల్సిందేనా? 2017 డిసెంబరులో ఢిల్లీలోనూ జిందర్ మహల్‌ని ట్రిపుల్ హెచ్ ఓడించాడు. టికెట్లకి వేలు పోసేది మనం, ఇంటి మనిషి గెలుపు చూసే భాగ్యం మనకి ఉండదు. ఇండస్ షేర్ ఆ రాత్రి గెలిస్తే ఎవరికేం నష్టమో నాకిప్పటికీ అర్థం కాదు.

షో నుంచి బయటికొచ్చేసరికి క్యాబులు దొరకలేదు, దొరికినవాటికి రెట్టింపు రేటు. పెద్దాయన కొడుకు కారులో వస్తే నన్ను కూడా కొంత దూరం దింపారు. దారంతా ఆయన ధూల్‌పేట దంగల్ల గురించి చెప్పారు. ఇప్పుడు మట్టి తవ్వి నీళ్ళు కొట్టేవాళ్ళే లేరట.

రెండు వారాలు తిరక్కుండా, సెప్టెంబరు 21న డబ్ల్యూడబ్ల్యూఈ వదిలేసిన వస్తాదుల పేర్లు వచ్చాయి. అందులో షాంకీ ఉన్నాడు. గ్రూపులో ఒకడు "చెప్పాం కదా" అని పెట్టాడు. ఆ కుర్రాడితో నేను చాలాసేపు వాదించాను. బెల్టు మ్యాచ్‌లో, సొంత దేశంలో, ఒక హాలంతా తన పేరు అరిచేలా చేసుకున్న మనిషి అతను. ఉద్యోగం పోయినంత మాత్రాన ఆ మ్యాచ్ మార్కులు ఎందుకు తగ్గాలి?

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, డబ్ల్యూడబ్ల్యూఈ ఏడాదికోసారి జరిపే పెద్ద షో రెసిల్‌మేనియాలో సామీ జేన్ చేతిలో గుంథర్ ఓడిపోయాడు, 666 రోజుల తర్వాత. మనకది ఏప్రిల్ 7 పొద్దున్నే వచ్చింది. ఇంట్లో అందరూ పడుకుని ఉంటే సౌండు తగ్గించి చూశాను. నాలుగున్నర వేశాను, జేన్ ఆ రోజు అంత బాగా ఆడాడు. చాప్‌లు మాత్రం గచ్చిబౌలిలో విన్నట్టు వినపడలేదు.