మూడా, ఐదా

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు. కారణం చెబితే నవ్వుతారు. మధ్యాహ్నం మా కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఇంకా తేలలేదు. మా ఆయన మూడంటారు. నేను ఐదంటాను.

కుక్కర్‌లో ఉన్నది కుందేలు. అవును, ఎట్టకేలకు మా ఇంటికీ వచ్చింది. పొద్దున్నే స్నేహితుడి బండెక్కి ఊరి బయట ఫారానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి చేతిలో నల్ల కవర్, మొహంలో ఫస్ట్ క్లాసులో పాసైన కళ. "ఇదిగో మీ జేజి కూర. ఇవాళ వండి చూపించు" అన్నారు. జేజి అంటే మా నానమ్మ. బతికుండగా మూడు కిలోలు తూగిందట, కోసి ఇచ్చేసరికి కిలోన్నర. తలా తోలూ పేగులూ పోతే అంతే మరి.

అత్తమ్మ సంగతి మీకు కొత్త కాదు. కోడి, మేక, చేప, రొయ్య, దేనికీ అడ్డు చెప్పదు. కుందేలనేసరికి మాత్రం "మీరేం తింటారో మీ ఇష్టం, రోజూ పప్పు ఉడికే కుక్కర్‌లో పెట్టొద్దు" అని తేల్చేసింది. దాంతో అటక మీదున్న పాత మూడు లీటర్ల కుక్కర్ కిందికి దిగింది. దాని గాస్కెట్ ఎండి గట్టిపడి చాలా కాలమైంది. మూత పక్కనుంచి ఆవిరి పోతూనే ఉంటుంది, విజిల్ మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడు వేస్తుంది.

అసలు నేను కుక్కరే వద్దన్నాను. కడిగేటప్పుడే అర్థమైంది నాకు. లేత గులాబీ రంగు మాంసం, కోడి మాంసమే అనుకోవచ్చు. వీపు ముక్కల మీద వెండి రేకులాంటి సన్నటి పొర. కత్తి మొన దూర్చి లాగితే ఊడొస్తుంది, వదిలేస్తే ఉడికేటప్పుడు ముక్కను ముడుచుకుపోయేలా లాగేస్తుంది. కొవ్వు కోసం వెతికాను. కిడ్నీల చుట్టూ కాస్త తెల్లగా కనబడింది, ఇంకెక్కడా పెద్దగా లేదు. కొవ్వు లేని మాంసాన్ని కుక్కర్‌లో పెట్టి ఉడకేస్తే పీచు కాక ఏమవుతుంది? పెరుగు, ఉప్పు, పసుపు పట్టించి గంట ఉంచి, నూనె ధారాళంగా పోసి, మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద మూత పెట్టి నిదానంగా మగ్గిద్దామని నేను. "ఆకలేస్తోంది, మూడు విజిల్స్ చాలు, వీడియోలో చూశా" అని ఆయన.

సరే మీరే చూసుకోండని బుజ్జిదానికి తలంటడానికి బాత్రూంలోకి వెళ్ళాను. అక్కడినుంచే లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. "ఏమండీ, ఆపండి!" అని అరిచాను. నాలుగు. ఆయనేమో హాల్లో ఫోన్లో ఉన్నారు, కుందేలు తెచ్చానని ఊరంతా చాటింపు. ఐదు. కుంకుడురసం చేతులతో నేనే పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేశాను.

మూత తీస్తే వీపు ముక్కలు పోగులు పోగులుగా విడిపోయి ఉన్నాయి. నోట్లో వేసుకుంటే కొబ్బరి పీచు నమిలినట్టుంది. పక్కటెముకలైతే అగ్గిపుల్లల్లా ఊడి పులుసులో తేలుతున్నాయి. బుజ్జిదాని గొంతులో ఎక్కడ గుచ్చుకుంటాయోనని అవి ఏరడానికే పావుగంట పట్టింది. ఆయన ఒక ముక్క కొరికి, "మాంసమే ముదురు. వచ్చినవి మూడే విజిల్స్" అన్నారు, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు. హాల్లో కూర్చున్న మనిషి!

ఇక ఫోన్లు. ముందు మా మరిది. "వదినా, కాళ్ళు లెక్కపెట్టావా? అన్నయ్య పట్టిన కుందేలు కదా, మూడే ఉంటాయి." తర్వాత ఆడపడుచు, అదే మాట. బండి తెచ్చిన స్నేహితుడూ అదే. సాయంత్రం లిఫ్టులో కింద ఫ్లాట్ ఆంటీ కూడా! ఆవిడకెవరు చెప్పారో. ఒకే జోకుకి నాలుగోసారి నవ్వడం ఎంత కష్టమో తెలుసా? నాలుగు కాళ్ళూ ఉన్నాయి, కడిగింది నేనే. మూడు అన్నది ఆయన విజిల్స్ లెక్కలోనే ఉంది.

కార్జం మాత్రం విడిగా తీసి, మిరియాలూ ఉల్లిపాయా వేసి పెనం మీద అటూ ఇటూ తిప్పాను. వెన్నలా వచ్చింది. "పందెంలో ఓడిపోయిన కుందేలేగా, తినొచ్చు" అని బుజ్జిది మొత్తం లాగించింది.

ఇంత రాద్ధాంతం దేనికంటే, జేజి చెవులపిల్లి కూర గురించి మీకే ఎన్నిసార్లు చెప్పానో, ఆయనకు ఇంకెన్నిసార్లు చెప్పి ఉంటానో చూడండి. మావైపు అడవి కుందేల్ని అలాగే అంటాం. కళ్యాణదుర్గం వైపు మా చేను. 1994 అనుకుంటా, నాకు ఎనిమిదేళ్ళు. శెనక్కాయ అప్పుడే మొలకెత్తింది. రాత్రుళ్ళు చెవులపిల్లులు దూరి లేత మొలకలు కొరికేసి పోయేవి. చిన్నాయన కంపలో సందు చూసి అక్కడ ఉరి పెట్టేవాడు. ఒకరోజు తెల్లారకముందే గోనెసంచిలో తెచ్చాడు. మట్టి రంగు బొచ్చు, మెడ వెనక నల్లటి మచ్చ, ఒళ్ళంతా వెనక కాళ్ళే అన్నట్టు పొడుగాటి కాళ్ళు. ఆ మాంసం ఇవాళ్టి ఫారం దానిలా కాదు, బాగా ముదురు ఎరుపు. నాయన వీధి తలుపుకు గడియ పెట్టించాడు. వన్యప్రాణి చట్టం 1972లోనే వచ్చింది. మా ఊరికి ఆ కబురు అందలేదని అనుకునేదాన్ని, కానీ అందకపోతే ఆ గడియ ఎందుకు? పెరట్లో మూడు రాళ్ళ మీద మట్టికుండ, కింద కందికట్టె మంట. రోట్లో ఎండుకొబ్బరి, గసగసాలు, ధనియాలు నూరుతూ జేజి. మోచేతి దాకా మసాలా. పొత్రం ఆపి నా నోట్లో ఇంత ఎండుకొబ్బరి ముక్క పెట్టింది. వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, అందులో పులుసు పోసుకుని తిన్నాం. ముక్క నోట్లో కరిగిపోయింది. ముప్పై ఏళ్ళుగా నేను చెబుతున్నది ఇదే.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. ఓదారుస్తుందని. జేజి నీళ్ళెన్ని పోసేదని అడిగాను.

"మీ జేజి యాడ వండిందే? ఆయమ్మ చెవులపిల్లిని ముట్టేదే కాదు, వంటింట్లోకి రానిచ్చేది కాదు. అందుకే కదా పెరట్లో పెట్టింది. వండింది మీ చిన్నాయన. కారం కొట్టి కొట్టి పెట్టినాడు. నమల్లేక మీ నాయన సగం కుక్కకేసినాడు."

"మరి రోలు?"

"మసాలా నూరిచ్చింటుందిలే. దానికేముంది."

ఫోన్ పెట్టేసి చాలాసేపు బాల్కనీలో కూర్చున్నాను. అంటే పదేళ్ళుగా ఈ మనిషిని ఊదరగొట్టి, సెలవు రోజు పొద్దున్నే ఫారానికి పరిగెత్తించిన ఆ కూర, మా జేజి వండనేలేదు. కరిగిపోయిన ముక్క ఏదో నాకే తెలియదు. అమ్మ మాట కూడా పూర్తిగా నమ్మను, చిన్నాయన చేసిన ఏ పనినీ ఆమె ఎప్పుడూ మెచ్చుకోలేదు. కొబ్బరి ముక్క మాత్రం నిజం. దాన్ని వదులుకోను.

ఇది తలుచుకుంటూ ఉంటేనే ఇంకో సంగతి తట్టింది. మా బాత్రూం వెంటిలేటర్ తెరుచుకునేది ఎదురు ఫ్లాట్ వంటింటి వైపు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు కుక్కర్ పెట్టని ఇల్లుందా? నేను లెక్కపెట్టిన ఐదులో రెండు వాళ్ళవేమో. మా కుక్కర్‌కి అంత ఓపిక ఎక్కడిది, ఆ గాస్కెట్‌తో?

పోనీ మూడే అనుకుందాం. మూడుకే ముక్క పోగులవుతుందా? ముదురని ఆయన అన్నది నిజమే కావచ్చు. మూడు నెలల లేతదైతే రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మూడు కిలోలన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పిల్లలు పెట్టడం మానేసిన ముసలిదాన్ని అంటగట్టారేమో. అప్పుడు తప్పు ఆయనది కాదు, కుక్కర్‌దీ కాదు. కానీ ముదురైతే ఇంకా నిదానంగా, సన్నసెగ మీద వండాలి కదా! నేను చెప్పింది అదే కదా!

ఇందాక లేచి ఫ్రిజ్‌లోంచి వెనక కాలు ముక్క ఒకటి తీసుకుని నిలబడే తిన్నాను. చల్లగా, పులుసు పట్టి, మధ్యాహ్నం కన్నా నయంగా ఉంది. ఆయన ప్లేట్లో వేయాల్సిన ముక్క అది.

రేపు ఏడింటికి ఎదురింటివాళ్ళు బాక్సుల కోసం పప్పు పెడతారు. బాత్రూంలో తలుపేసుకుని ఎన్ని వినిపిస్తాయో చూడాలి. వినిపించినా ఆయనకు మాత్రం చెప్పను.