విరాటపర్వం ఒక్కటే దొరికింది

"సెట్టు లేదండీ, ఇదొక్కటే ఉంది. తీసుకుంటారా?"

పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. చేతిలో ఆంధ్ర మహాభారతం, విరాటపర్వం. మొదటి పేజీలో ఎవరో నీలం సిరాతో "అమ్మకు" అని రాశారు. ఆ మాట చూశాక తిరిగి పెట్టబుద్ధి కాలేదు.

నాలుగేళ్లుగా కవిత్రయ భారతం ఒక్కొక్కటిగా కొంటున్నాను. ఆది, సభా, ద్రోణ, శాంతి పర్వాలు వచ్చాయి. 18 పర్వాలూ చేరాకే మొదలుపెడదామని ఒక్కటీ తెరవలేదు. మంచి ఊపులో ఉండగా తర్వాతి పుస్తకం లేకపోతే ఎలా అని టెన్షన్.

ఇంటికొచ్చి అమ్మమ్మకు ఫోన్ చేశాను. "విరాటంతోనే మొదలుపెట్టు తల్లీ. వానలు పడకపోతే మా ఊళ్లో అదే చదివించేవాళ్లు" అంది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో, శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని అలాగే వదిలేసి, విరాటం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. ఎర్రన వచ్చి అరణ్యపర్వ శేషం పూర్తి చేసింది 14వ శతాబ్దంలో. అంటే తిక్కన నాటి పాఠకులకు పూర్తి సెట్టు అసలు లేనే లేదు. అయినా ఎంత ఇష్టంగా చదువుకుని ఉంటారో!

రాత్రి భోజనాలయ్యాక పది పద్యాలు చదివాను, పైకే.

అరణ్యపర్వం ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.