ఒంటిగంటకే పొద్దుగూకే ఊళ్లో నా చలికాలం

మాది రెంటచింతల. వేసవిలో టీవీలో ఎండల లెక్క చదివేటప్పుడు ముందు వినిపించే పేర్లలో మా ఊరిదొకటి. అందుకే ఎక్స్చేంజ్ కింద రెండు సెమిస్టర్లు స్వీడన్‌లోని లూలియోలో చదవబోతున్నానంటే ఇంట్లో అందరి టెన్షనూ చలి గురించే, నాదీ అదే. ఆర్కిటిక్ వలయానికి సుమారు వంద కిలోమీటర్లు దిగువన ఉంటుంది ఊరు. ఆగస్టు చివర్లో దిగాను, రాత్రి తొమ్మిదింటికి కూడా ఇంకా వెలుగు కనిపిస్తుంటే భలే ఉందే అనుకున్నాను.

చలి సంగతి ముందే చెప్పేస్తా, అది డబ్బు పెడితే తీరిపోయే సమస్య. హైదరాబాద్‌లో కొనుక్కెళ్లిన లావు జాకెట్, జీన్స్ నవంబర్‌కే చేతులెత్తేశాయి. నా అవస్థ చూసి పక్క గది స్వీడన్ కుర్రాడే సెకండ్‌హ్యాండ్ షాపుకి తీసుకెళ్లి, ఒంటికి తగిలేది కాటన్ కాకూడదు, ఉన్నిది ఉండాలి, దాని మీద ఇంకో పొర, ఆ పైన గాలి ఆపేది అని ఒక్కోటి తీసి నా చేతుల్లో పెట్టాడు. వాతావరణం చెడ్డది కాదు, బట్టలే చెడ్డవి అని వాళ్లలో ఒక సామెత ఉంది, ఆ సీజన్‌లో కనీసం పది మంది నాకు అది వినిపించి ఉంటారు. మైనస్ 25 దాటినప్పుడు ముక్కులోని వెంట్రుకలు గడ్డకట్టి లోపల ముళ్లు గుచ్చినట్టుంటుంది, ఫోన్ 40 శాతం చూపిస్తూనే ఆగిపోతుంది, అంతే. గదిలో మాత్రం బనీను మీదే ఉంటాం. ఊరి ఇళ్లకు గొట్టాల్లో వచ్చే వేడి అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలిపోయే గ్యాసుతో తయారవుతుందట. కిచెన్‌లో పెట్టిన పాలు ఎంతకీ తోడుకోకపోతే గిన్నెకు తువ్వాలు చుట్టి కిటికీ కింద రేడియేటర్ మీద పెట్టాను, పొద్దునకల్లా గడ్డ పెరుగు. ఆ ఏడాదంతా నేను తిన్నది ఉక్కు ఫ్యాక్టరీ పెరుగన్నమాట.

నన్ను పడగొట్టింది చీకటి. డిసెంబర్ మూడో వారానికి పదింటికి కాస్త అటూ ఇటూగా తెల్లారుతుంది, ఒంటిగంట దాటగానే సూర్యుడు దిగిపోతాడు. ఆ మూడు గంటలు కూడా నెత్తి మీదకు రాడు, చెట్ల వెనకే ఒక మూల పాకి వెళ్లిపోతాడు. ఎనిమిదింబావు క్లాసుకి చీకట్లో వెళ్లి, ల్యాబ్‌లో కూర్చుని, రెండున్నరకు బయటికొస్తే మళ్లీ చీకటే. వారంలో ఐదు రోజులు ఎండ మొహం చూడలేదంటే మావాళ్లు నమ్మలేదు. పదకొండు గంటలు పడుకున్నా నిద్ర తీరేది కాదు. అలారం మోగితే పగలో రాత్రో తెలిసేది కాదు, ఒక ఆదివారం సాయంత్రం ఏడింటికి లేచి పొద్దున అనుకుని పళ్లు తోముకున్నాను కూడా. ఫోన్లు ఎత్తడం మానేశాను, రెండు క్లాసులు పోయాయి, ఒక అసైన్‌మెంట్ ఇవ్వలేదు. చలికి కోటు కొనుక్కోవచ్చు, దీనికి ఏం కొనాలో తెలియలేదు.

ఒకరోజు అమ్మ వీడియో కాల్ చేసింది, అప్పుడు నాకు ఒంటిగంట దాటింది. ఆమె వెనక గుమ్మంలో వెలుగు ఎర్రబడుతోంది, నా కిటికీలోనూ అదే రంగు. ఇండియా మాకంటే నాలుగున్నర గంటలు ముందు, అంటే అక్కడ ఐదున్నర దాటింది. లెక్క చూసుకుంటే ఆ రోజుల్లో లూలియోలోనూ రెంటచింతలలోనూ పొద్దుగూకడానికి మధ్య పది నిమిషాల తేడా, అంతే! అమ్మ "ఉండు నాన్నా, దీపం పెట్టొస్తా" అని లేచి వెళ్లింది. పక్క గది కుర్రాడు నవంబర్ నుంచీ ఎందుకు కిటికీలో కొవ్వొత్తుల స్టాండు పెట్టుకున్నాడా అని నవ్వుకునేవాణ్ని. నిజానికి ఊళ్లో ఏ కిటికీ చూసినా ఏదో ఒక నక్షత్రం దీపమో కొవ్వొత్తుల స్టాండో ఉంటుంది. ఆ సాయంత్రం నేనూ ఒకటి కొనుక్కొచ్చాను.

మర్నాటి నుంచి వాడే నన్ను లాక్కెళ్లడం మొదలుపెట్టాడు. రూలు ఒక్కటే, పదకొండున్నరకు ఎక్కడున్నా, మబ్బు పట్టినా, అరగంట బయట నడవాలి, లంచ్ ఆ తర్వాతే. విటమిన్ డి మాత్రలూ వేసుకున్నాను గానీ నన్ను లేపింది ఆ నడకే. డిసెంబర్ 13న లూసియా పండక్కి పొద్దున్నే తెల్ల గౌన్లలో, తల మీద దీపాల కిరీటంతో పాడుకుంటూ వచ్చిన పిల్లల్ని చూడ్డానికి, కుంకుమపువ్వు వేసిన బన్నుల కోసం మొదటిసారి అలారం లేకుండా లేచాను. బన్నుల కోసమే అనుకోండి.

జనవరిలో ఒకరోజు వాన పడి, ఆ రాత్రికే మళ్లీ గడ్డకట్టింది. బస్టాప్ ముందు రెండు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేచాయి. మణికట్టు వాచి రెండు వారాలు ఎడమ చేత్తో అన్నం తిన్నాను. అక్కడి ముసలివాళ్లంతా బూట్లకు తొడుక్కునే ఇనుప మేకుల రబ్బరు పట్టీలున్నాయి, బ్రొడ్డర్ అంటారు, ఎడ్లకు నాడాలు కొట్టించినట్టే. వయసు కుర్రాణ్ని నాకెందుకులే అని వాటిని కొనలేదు. వెళ్లేవాళ్లు జాకెట్ కంటే ముందు ఇవి కొనుక్కోండి.

ఫిబ్రవరి నుంచి పగలు రోజుకు ఏడెనిమిది నిమిషాలు పెరుగుతూ పోయింది, చూస్తుండగానే క్లాసు అయ్యాక కూడా వెలుగు. అక్కడి సముద్రంలో ఉప్పు చాలా తక్కువ, అందుకని తేలిగ్గా గడ్డకడుతుంది. ఊరి ఉత్తర రేవు నుంచి దక్షిణ రేవు దాకా ఆ గడ్డ మీదే మంచు తోసి దారి వేస్తారు. పిల్లల్ని స్లెడ్జి మీద కూర్చోబెట్టుకుని తల్లులు, స్కేట్లతో ముసలాళ్లు, కుక్కలు, అంతా సముద్రం మీదే. మార్చిలో ఒక ఆదివారం, మైనస్ 8, మంచు మీద ఎండ పడి కళ్లు తెరవలేకపోతున్నాం. జనం రేవు దగ్గర రెయిన్‌డీర్ తోళ్లు పరుచుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని, మొహాలు సూర్యుడి వైపు తిప్పి కళ్లు మూసుకుని కూర్చున్నారు, ఎవరూ మాట్లాడరు. నేనూ ఒక మూల కూలబడ్డాను. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్.

"ఏంట్రా ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో? నీడకు పో, వడదెబ్బ తగులుద్ది."