ఆ నలుగురి చూపు

మాస్టారి దగ్గర కలంకారీ (గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే కళ) నేర్చుకున్న మనందరి సమావేశ సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు కోరినప్పటి నుంచి నాకు ఒక్క మధ్యాహ్నమే పదేపదే గుర్తుకొస్తోంది. స్వర్ణముఖి నది ఇసుకలో గుడ్డలు ఆరేసిన రోజులు, కుండ మూత సంగతి, గేదె పాల గొడవ మిగతావారు ఎలాగూ రాస్తారు.

ఆ రోజు మాస్టారు గురురూపంలోని శివుడిని, దక్షిణామూర్తిని, వేయమన్నారు. అందరం గురువుతో మొదలుపెట్టబోతే ఆపి, ముందు మర్రిచెట్టు కింద శిష్యులను కూర్చోబెట్టమన్నారు. సనక, సనందన, సనాతన, సనత్కుమారులను గడ్డాలు నెరిసిన వృద్ధులుగా వేయించి, వారి కళ్లన్నీ మేమింకా గీయని చిన్ముద్ర వైపు తిప్పించారు. ఆ చూపులు కలిసిన చోటే గురువు కుడిచెయ్యి రావాలన్నది ఆయన లెక్క. ఇప్పటి అచ్చు పటాల్లో శిష్యులు మన వైపు చూస్తూ కనిపిస్తే నాకు మనసొప్పదు.

చింతబొగ్గుతో వేసినంతసేపూ దిద్దుకోవచ్చు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, బెల్లమూ ఇనుపముక్కలూ ఊరిన నీటిలో ముంచిన కలం ఆనితే మాత్రం గీత అప్పటికప్పుడే నల్లబడుతుంది, మరి చెరగదు. స్వామి బోధిస్తున్నాడు కదా అని నేను పెదవుల మధ్య చిన్న సందు ఉంచాను.

మాస్టారు చాలాసేపు చూశారు. "గురోస్తు మౌనం వ్యాఖ్యానం" (గురువు మౌనమే బోధ) అని చదివి, "ఈయన మాట్లాడుతుంటే వాళ్లు చెవి ఒగ్గి వినాలి. నువ్వు వాళ్లను చూస్తున్నట్టు వేశావు. ఏదో ఒకటే నిజం నాయనా" అన్నారు. నా కలం తీసుకుని, వెదురుపుల్లకు చుట్టిన ఉన్నిని వేళ్లతో మెల్లగా నొక్కి, ఒక్క గీతతో పెదవులు కలిపేశారు. కింది పెదవి కొంచెం లావుగానే మిగిలింది.

2008లో కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు, ఆ గౌరవం మనందరి కలానికీ దక్కినట్టు సంతోషించాను. నేను వేసిన దక్షిణామూర్తులు నేడు దూరదేశాల పూజగదుల్లోనూ ఉన్నాయి. మా వరండాలో పదకొండు మంది పిల్లలు నేర్చుకుంటున్నారు. వారి చేత కూడా ముందు శిష్యులనే గీయిస్తున్నాను.

ఆనాటి గుడ్డను సమావేశానికి తెస్తున్నాను. మంజిష్ఠ ఎరుపు కాస్త వెలిసింది కానీ పెదవి నలుపు అలాగే ఉంది. మీరూ దాచుకుని ఉంటే తీసుకురండి, అన్నీ పక్కపక్కన పరుచుకుని చూద్దాం.