రంగం తిండి, బీచ్ స్టేషన్ బండి

నెల 26వ తేదీ. అకౌంట్‌లో 1,140 రూపాయలున్నాయి, జీతం పడటానికి ఇంకా ఐదు రోజులుంది, చెన్నైలో నేనుండే పీజీలో ఆ పూట కూడా ముక్కల కోసం గరిటెతో వెతుక్కోవాల్సిన సాంబారే. సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని అందరూ కలిసి నన్ను మాల్‌లో కొత్తగా తెరిచిన ఒక కెఫేకి లాక్కెళ్ళారు. 'ఏషియన్ టీస్' అని గోడంతా రాసుంది. మనం ఉన్నది ఏషియాలోనే కదా అన్నాను, ఎవరూ నవ్వలేదు. మెనూలో పేర్లు వదిలేసి కుడివైపు అంకెలే చదువుకుంటూ కిందికి దిగి, అన్నిట్లోకీ తక్కువది ఒక బబుల్ టీ చెప్పాను. పన్నుతో కలిపి 310.

లావుపాటి స్ట్రాతో పీలిస్తే టీతో పాటు నల్లటి గోళీలు ఒక్కొక్కటే నోట్లోకి ఎగిరొచ్చాయి. రెండోది నమిలేటప్పటికి తెలిసిపోయింది, ఇది మన సగ్గుబియ్యానికి చుట్టమే. తైవాన్‌లో 1980ల్లో ఎవరికో చల్లటి పాల టీలో వీటిని వెయ్యాలనిపించిందట, అక్కణ్ణుంచి ఊళ్ళన్నీ పాకింది. ఈ గోళీలు చేసేది కర్రపెండలం పిండితో, మన సగ్గుబియ్యం చేసేదీ ఆ దుంపతోనే. సామర్లకోట, పెద్దాపురం వైపు ఆ మిల్లులున్నాయి, ఇక్కడ తమిళనాడులో అయితే సేలం చుట్టుపక్కలంతా అవే. అంటే నేను 310 రూపాయలు పోసి చల్లారిన సగ్గుబియ్యం పాయసం టీలో కలుపుకుని తాగానన్నమాట. బాగోలేదా అంటే, బాగుంది. ఒళ్ళు మండింది కూడా అందుకే.

ఆ రాత్రి ఒక ఒట్టు పెట్టుకున్నాను. వంద నోటిస్తే చిల్లర తిరిగి రాని చోట సొంత డబ్బుతో తినకూడదు. చెన్నైలో ఇది అంత కష్టమేమీ కాదు, ఫోన్‌లో రేటింగులు చూడటం మానేసి జనం ఎక్కడ నిలబడి తింటున్నారో చూస్తే చాలు.

మొదట అమ్మ ఉణవగం. 2013లో జయలలిత ప్రభుత్వం మొదలుపెట్టిన క్యాంటీన్లు ఇవి. ఇడ్లీ ఒక్క రూపాయి, పొంగలి 5, సాంబారన్నం 5, పెరుగన్నం 3, సాయంత్రం పప్పుతో రెండు చపాతీలు 3 రూపాయలు. మన అన్న క్యాంటీన్లు వీటి తర్వాత వచ్చినవే. మొదటిసారి వెళ్ళినప్పుడు సిగ్గేసి ఐడీ కార్డు తీసి బ్యాగులో దాచుకున్నాను, తీరా చూస్తే లైన్లో నా ముందున్న ఆయన మెడలో కూడా అలాంటి కార్డే వేలాడుతోంది. ఇడ్లీ బాగుంటుంది, సాంబారు మాత్రం ఆ రోజు మన అదృష్టాన్ని బట్టి. కొంచెం డబ్బున్న వారం అయితే తిరువల్లిక్కేణిలో 1948 నుంచీ ఉన్న రత్నా కేఫ్. అక్కడ ఇడ్లీ సాంబారులో మునిగిపోయి వస్తుంది, అయిపోతే జగ్గు పట్టుకొచ్చి మళ్ళీ పోస్తారు. పైన కాఫీ కూడా చెప్తే నా ఒట్టు కాస్త ఊగిసలాడుతుంది, కానీ నవంబరు వానలో ఆ సాంబారు ముందు ఒట్లేమిటి.

ఇక టీ. మా పీజీ సందు చివర ఒక టీ కొట్టుంది. రాగి బాయిలరు, గుడ్డ సంచీలో మరిగి మరిగి నల్లబడ్డ డికాషన్, పక్కన పాలు. 'సక్కరై కమ్మి', అంటే పంచదార తక్కువ, అని రెండు ముక్కలు నేర్చుకుంటే చాలు, చెన్నైలో సగం బతుకు గడిచిపోతుంది. ఆ కొట్టు మాస్టర్ ఒక చెయ్యి తల పైకెత్తి, ఇంకో చెయ్యి నడుము దగ్గర పెట్టి టీని ఇటునుంచి అటు లాగుతుంటే ఒక్క చుక్క కింద పడదు. నురగ వేలెడు మందం. మలేషియాలో దీన్నే తే తారిక్ అంటారట, తారిక్ అంటే లాగడం. ఇక్కణ్ణుంచి వెళ్ళిన మన ముస్లింలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రబ్బరు తోటల దగ్గర టీ అమ్ముతూ మొదలుపెట్టారని చెప్తారు. నేను 310 పెట్టిన కెఫేలో దీనికీ ఒక వరస ఉంది, మంచి బొమ్మతో సహా. ధర రాస్తే మళ్ళీ కోపం వస్తుంది.

గ్రీన్ టీ సంగతి కూడా చెప్పెయ్యాలి. చేదని ఇన్నాళ్ళూ దాన్ని తిట్టాను గానీ తప్పు నాదే, మన టీలాగే పొయ్యి మీద కుతకుతా మరిగించేదాన్ని. నీళ్ళు మరిగాక దించి కాసేపు ఆగి, 80 డిగ్రీల దగ్గరికి వచ్చాక ఆకు వేసి రెండు నిమిషాల్లో వడకట్టేస్తే చేదు దాదాపు ఉండదు. నల్ల టీ, గ్రీన్ టీ, ఊలాంగ్ అన్నీ ఒకే మొక్క ఆకులే, కోశాక గాలికి ఎంతసేపు రంగు మారనిచ్చారన్నదే తేడా. నేను ఇప్పుడు కొంటున్నది టాన్‌టీ పొడి. శ్రీలంక తోటల నుంచి తిరిగొచ్చిన తమిళులకు పని చూపించడానికి ప్రభుత్వం నీలగిరుల్లో పెట్టిన టీ తోటలవి. తిరిగొచ్చినవాళ్ళ కథ ఇంకోటుంది, అసలు దానికోసమే ఇదంతా రాస్తున్నాను.

మా రూమ్మేట్‌ది ఇంఫాల్. ఒక శనివారం సాయంత్రం ఇద్దరం తరమణిలో రైలెక్కి బీచ్ స్టేషన్లో దిగాం. సబ్‌వే దాటి బర్మా బజార్ పక్కనుంచి వెనక వీధిలోకి, సెకండ్ లైన్ బీచ్ అంటారు, తిరిగితే వెల్లుల్లి వేగుతున్న వాసన ముందుగా వచ్చి పలకరిస్తుంది. వరసగా తోపుడు బళ్ళు. ఒక్కో బండి మీద నారింజరంగు నూడుల్స్ గుట్ట, చెవుల్లోంచి పొగలొచ్చేంత కారం డబ్బా, పక్కన పెద్ద గుండిగ. ఆ నూడుల్స్‌నే అత్తో అంటారు.

కలపడం చూడాలి. మాస్టర్ చేతికి కవరు తొడుక్కుని గిన్నెలో గుప్పెడు నూడుల్స్ వేశాడు, వాటి మీద సన్నగా తరిగిన క్యాబేజీ, ఎర్రగా వేగిన ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించిన నూనె రెండు చెంచాలు, చింతపండు పులుసు, ఎండుకారం, ఉప్పు, నిమ్మరసం, కొత్తిమీర, ఆఖర్న బేజో అనే కరకరలాడే అప్పచ్చిని పిడికిట్లో నలిపి చల్లాడు. పొయ్యి లేదు, గరిటె లేదు, చేత్తోనే నాలుగు సార్లు పిసికి ప్లేటులో పెట్టాడు. పులిహోర కలిపే చెయ్యి నాకు తెలుసు, మా అమ్మ చెయ్యి అలాగే తిరుగుతుంది. నోట్లో పెట్టుకుంటే ముందు పులుపు, తర్వాత వెల్లుల్లి, అంతా అయ్యాక నింపాదిగా కారం. "కారం కమ్మి అణ్ణా" అని ముందే చెప్పాను, ఆయన తలూపాడు, ఆ తలూపుడుకి అర్థం వేరని తర్వాత తెలిసింది.

గుడ్డు గురించి హెచ్చరించాలి. ఉడికిన గుడ్డుని మధ్యకి చీల్చి అందులో వేగిన ఉల్లిపాయ, వెల్లుల్లి, కారం, పులుసు కూరి, కారిపోయేలా నూనె పోసి అరచేతిలో పెడతారు. దాన్ని మొత్తంగా ఒకేసారి నోట్లో వేసుకోవాలి. నేను మర్యాదగా సగం కొరికాను. మిగతా సగంలో ఉన్నదంతా నా తెల్ల కుర్తీ మీదకి దిగింది. పక్కన నిలబడి తింటున్న పెద్దాయన తన చేతిలో ఉన్న పేపరు ముక్క నాకిచ్చి మళ్ళీ తన ప్లేటులోకి తల దూర్చేశాడు. ఆ మరక ఇంకా ఉంది.

వీటన్నిటితో పాటు ఒక గిన్నెలో వేడి వేడి సూప్ పోస్తారు, అడిగితే మళ్ళీ పోస్తారు, దానికి డబ్బుల్లేవు. పల్చగా, మిరియాల ఘాటుతో ఉంది. అందులో గుండ్రటి ముక్కలేవో కరకరలాడుతున్నాయి. చెంచాతో పైకి తీసి చూస్తే అరటి దవ్వ. ఇద్దరం తిని వంద నోట్లు ఇస్తే ఇద్దరికీ చిల్లర వచ్చింది.

ఈ బళ్ళు బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు పెట్టినవి. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కి, తర్వాత రెండేళ్ళకి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసేసరికి తరాలుగా అక్కడ బతికిన మనవాళ్ళు చేతిసంచులతో ఓడలెక్కి మద్రాసు రేవులోనూ విశాఖ రేవులోనూ దిగారు. ఇక్కడ 1969లో బర్మా బజార్ అలా పుట్టింది, విశాఖలో బర్మా క్యాంపు అలా పుట్టింది. కొందరు నడిచైనా మళ్ళీ బర్మాకే పోదామని మణిపూర్ సరిహద్దు దాకా వెళ్ళి, దాటనివ్వకపోతే మోరే అనే ఆ సరిహద్దు ఊళ్ళోనే ఉండిపోయారు. అక్కడ ఇప్పటికీ తమిళుల గుడి ఉందని మా రూమ్మేటే చెప్పింది. సూప్ తాగుతూ ఆ అమ్మాయే ఇంకో మాట అంది. బర్మాలో దీన్ని మొహింగా అంటారు, అక్కడైతే ఇది చేపల పులుసు, బియ్యప్పిండి నూడుల్స్ మీద పోసుకుని పొద్దున్నే తింటారు, అరటి దవ్వ మాత్రం అక్కడా ఉండాల్సిందే అని.

తర్వాత సెలవులకి ఇంటికెళ్ళి వస్తూ ఆ అమ్మాయి ఒక పొట్లం తెచ్చింది. ముదురాకుపచ్చగా, నూనె ఓడుతూ, చూడటానికి అచ్చం మా ఇంటి గోంగూర పచ్చడే. లఫెట్ అట. టీ ఆకుని ఉడికించి నెలల తరబడి ఊరబెడతారు. వేయించిన బటాణీలు, వేరుశెనగలు, నువ్వులు, వెల్లుల్లి, నిమ్మరసం కలిపి తినాలి. టీని తినడం నాకదే మొదలు. మొదటి ముద్ద వగరుగా ఉంది, రెండో ముద్దకి వేడన్నం కావాలనిపించింది, మూడో ముద్ద పీజీ అన్నంలోనే కలిపేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎంతైనా టీ కదా! గోంగూర మాట ఎత్తితే మణిపూర్‌లో దాన్ని సౌగ్రి అంటారని, వాళ్ళూ తింటారని, బర్మావాళ్ళయితే రొయ్యలు వేసి వేపుడు చేసుకుంటారని తను చెప్పింది. గోంగూర మనదొక్కళ్ళదే అనుకుంటూ ఇన్నాళ్ళు గొప్పలు పోయాను.

మర్నాడు శ్రీకాకుళంలో మా మామ్మకి ఫోన్ చేశాను. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. మామ్మ వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, కుర్రాడిగా ఉన్నప్పుడే రంగం వెళ్ళి రేవులో బియ్యం మూటలు మోశాడు. కోరంగి రేవు నుంచి అంతమంది వెళ్ళేవాళ్ళు కాబట్టి అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవాళ్ళట. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వేలకొద్దీ జనంతో కలిసి ఆయనా అడవుల్లో నడిచొచ్చాడు. ఆయన దాని గురించి పెద్దగా మాట్లాడేవాడు కాదని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.

"మామ్మా, రంగం తిండి తిన్నాను" అన్నాను.

"ఏటే పిల్లా, ఓడెక్కినావేటి?"

నూడుల్స్ గురించి చెప్తే పెద్దగా పట్టించుకోలేదు. గుడ్డు గురించి చెప్తే నవ్వింది. సూప్‌లో అరటి దవ్వ వేశారని చెప్పేసరికి అటువైపు కాసేపు మాట రాలేదు, సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

"మా అయ్య సేపల పులుసులో దవ్వ ఎయ్యమనీవోడే. మాయమ్మ తిట్టీది, పులుసులో దవ్వేటి, నీకేటి సోకు అని. మళ్ళా ఏసీది. అందులో సేమియా పడేసుకుని తినీవోడు. మేమందరం నవ్వుకునీవోలం."

అది మొహింగా మామ్మా, దానికో పేరుంది, అక్కడ ఊరంతా తింటారు అన్నాను. ఆ పేరు రెండు సార్లు పలకబోయి వదిలేసింది. అయినా మీ బండోడు చేప ఏం వేశాడని అడిగింది. ఏమీ వెయ్యలేదు, వట్టి దవ్వే అన్నాను.

"సేప నేకుండా అదేం పులుసే, నీళ్ళు గానీ! పండక్కి రా, నానొండుతాను. దవ్వ మాత్రం నువ్వే కొయ్యాల, ఆ పీసు తియ్యడం నా సేతకాదు."

హౌరా మెయిల్‌లో టికెట్ వేశాను. వెయిటింగ్ లిస్ట్ 84.