కండరం వదలాలన్నా శక్తి కావాలి

ఊళ్ళో ఎవరైనా పోతే ఒకపక్క ఏడుపులు జరుగుతూనే ఉంటాయి, ఇంకోపక్క ఎవరో ఒక పెద్దాయన ముందుకొచ్చి కళ్ళు మూసి, గడ్డం కింద నుంచి తల మీదకి గుడ్డ కట్టి, కాళ్ళూ చేతులూ చాపి, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టేస్తాడు. ఆలస్యం చేస్తే కొయ్యబారిపోతుందిరా, తర్వాత ఏదీ వంగదు అంటారు. అది నిజమే. ప్రాణం పోయిన రెండు మూడు గంటల్లో రెప్పలు, దవడ దగ్గర మొదలై దాదాపు 12 గంటలకల్లా ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, మన ఎండలకైతే ఇంకా త్వరగానే.

నాకు చాలాకాలం అర్థం కానిది ఇదే. బస్తా ఎత్తితే చెమటలు పడతాయి, అంటే కండరం బిగించాలంటే శక్తి ఖర్చవుతుంది కదా, మరి ఊపిరే లేని ఒంట్లో కండరాలు అంత గట్టిగా ఎలా బిగుస్తాయి? శక్తి అయిపోతే మెత్తగా జారిపోవాలి గానీ బిగుసుకోవడమేంటి? తర్వాత ఫిజియాలజీ చదివితే తెలిసింది, కండరం పట్టు వదలాలంటేనే ఏటీపీ (కణం ఖర్చు పెట్టే శక్తి ఇందులోనే ఉంటుంది) కావాలంట. అది అయిపోయిందంటే పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోతుంది.

కొంచెం దగ్గరికెళ్ళి చూద్దాం. కండరం కణంలో రెండు రకాల పోగులుంటాయి, సన్నది యాక్టిన్, లావుది మయోసిన్. కండరం పొట్టిగా అయినప్పుడు ఈ పోగులేమీ పొట్టిగా అవ్వవు, ఒకదాని మీదుగా ఒకటి జరుగుతాయంతే. ఈ సంగతి 1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు టీములు పక్కపక్కనే అచ్చేశాయి, ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కేలది, ఇంకోటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది (ఇద్దరు హక్స్‌లీలకీ చుట్టరికం లేదు). మయోసిన్ పోగుకి బోలెడు తలలుంటాయి, అవి బావిలోంచి చేంతాడు లాగినట్టు యాక్టిన్‌ని పట్టుకుని లాగుతాయి. చేంతాడు లాగేటప్పుడు ఒక చెయ్యి పట్టు వదిలి ఇంకాస్త ముందుకెళ్ళి పట్టుకుంటేనే కదా బొక్కెన పైకొచ్చేది, ఇక్కడా అంతే. ఏటీపీ వచ్చి మయోసిన్ తలకి అతుక్కుంటే ఆ తల పట్టు వదులుతుంది, ఏటీపీ విరిగితే తల మళ్ళీ సిద్ధమవుతుంది, పట్టుకుంటుంది, లాగుతుంది, ఇంకో ఏటీపీ వచ్చేదాకా అలాగే పట్టుకునుంటుంది. చనిపోయాక ఆ ఇంకో ఏటీపీ రాదు. కోట్లకొద్దీ తలలు పట్టుకున్నచోటే ఆగిపోతాయి. ఒకటి రెండు రోజులకి ప్రోటీన్లు చెడిపోవడం మొదలయ్యాకే ఒళ్ళు మళ్ళీ మెత్తబడుతుంది.

వదలడంలో రెండో ఖర్చు క్యాల్షియంది. నరం చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పడగానే కండరం కణం పొర మీద కరెంట్ లాంటి సిగ్నల్ పాకుతుంది, దాంతో లోపలి సంచుల్లో దాచిన క్యాల్షియం ఒక్కసారి బయటికొచ్చి ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుంటుంది, అప్పుడే యాక్టిన్ మీద మయోసిన్ పట్టుకునే చోటు తెరుచుకుంటుంది. మామూలుగా కణం లోపల క్యాల్షియం బయటికంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ ఉంటుంది, కాబట్టి కొంచెం వచ్చినా కణానికి తెలిసిపోతుంది. రావడం తేలికే, తలుపు తెరిస్తే వచ్చేస్తుంది. మళ్ళీ సంచుల్లోకి పంపాలంటే మాత్రం పంపులు పనిచెయ్యాలి, రెండు క్యాల్షియం అయాన్లకి ఒక ఏటీపీ చొప్పున ఖర్చు పెట్టి. మనం కాఫీ గ్లాసు ఎత్తి కింద పెట్టిన ప్రతిసారీ ఇదంతా జరుగుతుంది.

ఈ ఏటీపీ కథలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారని మనలో ఎంతమందికి తెలుసు? ఆయన పేరు విన్నవాళ్ళు కూడా మందుల సంగతే చెప్తారు గానీ కండరం గురించి చెప్పరు, నాకు అది బాధగా ఉంటుంది. 1920ల్లో అందరూ కండరానికి శక్తి లాక్టిక్ యాసిడ్ తయారవడం వల్లే వస్తుందనుకునేవాళ్ళు. సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి చేశారు, కలిపిన ద్రావణం నీలం రంగుకి తిరుగుతుంది, ఆ రంగుని బట్టి కొలత. కండరం రసంతో చేస్తే ఆ నీలం రావాల్సినంత వేగంగా రావట్లేదు, మెల్లమెల్లగా ముదురుతోంది. ఇంకొకరైతే కొలతలో ఏదో తేడా అని వదిలేసేవాళ్ళేమో. వీళ్ళు వదల్లేదు, యాసిడ్‌లో నిదానంగా విరిగిపోతూ ఫాస్ఫేట్ వదిలే పదార్థం ఏదో అక్కడ ఉందని పట్టుకున్నారు, అదే ఫాస్ఫోక్రియేటిన్, 1927. కండరాన్ని పనిచేయిస్తే అది తగ్గుతోంది, రెస్ట్ ఇస్తే మళ్ళీ పెరుగుతోంది. అదే ఏడాది ఇంగ్లాండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా దాన్ని చూశారు. 1929లో ఏటీపీ, అటు జర్మనీలో లోమన్, ఇటు ఫిస్కే, సుబ్బారావు, ఎవరికి వాళ్ళుగా. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి పర్మినెంట్ పోస్ట్ రాలేదు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు, 1948లో 53 ఏళ్ళకే పోయారు. ఇవాళ జిమ్ముల్లో పిల్లలు నీళ్ళలో కలుపుకుని తాగే క్రియేటిన్ పౌడర్ చేసేది కూడా ఆ ఫాస్ఫోక్రియేటిన్ నిల్వ పెంచడమే. కండరంలో ఉన్న ఏటీపీ గట్టిగా వాడితే కొద్ది సెకన్లకే సరిపోతుంది, వెంటనే దాన్ని మళ్ళీ నింపేది ఇదే.

ఇక ఒక కండరం బిగిస్తే దాని ఎదురు కండరం వదలాలి, లేకపోతే చెయ్యి మడవలేం. ఇది మనం ఆలోచించి చేసేది కాదు. కండరం లోపలే సాగడాన్ని కనిపెట్టే చిన్న సెన్సర్లుంటాయి, అవి వెన్నుపాముకి కబురు పంపితే అక్కడ ఒక నరం ఈ కండరాన్ని బిగించమంటుంది, ఇంకో చిన్న నరకణం ఎదురుదాన్ని ఆపుతుంది. ఆ సాగడాన్ని కనిపెట్టడంలో ముఖ్యమైన ప్రోటీన్ పీజో2, దాన్ని బయటపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పుట్టుకతోనే ఆ జీన్ పనిచెయ్యనివాళ్ళు కళ్ళు మూసుకుంటే తమ చెయ్యి ఎటుందో చెప్పలేరు, చూసుకుంటూ మాత్రం నడవగలరు.

ఆ ఆపే సిగ్నల్ పోతే ఏమవుతుందో ధనుర్వాతంలో కనిపిస్తుంది. ఆ బ్యాక్టీరియా విషం నరాల వెంట వెన్నుపాము దాకా ఎక్కి, ఆపే కణాలు తమ సిగ్నల్ వదలకుండా చేస్తుంది. ఇక అన్ని కండరాలూ ఒకేసారి బిగుస్తాయి, బలమున్నవి గెలుస్తాయి, అందుకే దవడ పట్టేస్తుంది, వీపు విల్లులా వంగిపోతుంది, చిన్న శబ్దానికే మళ్ళీ మళ్ళీ బిగుస్తుంది, పేషెంట్‌కి మాత్రం స్పృహ ఉంటుంది, అంతా తెలుస్తూనే ఉంటుంది. మేకు గుచ్చుకుంటే టీటీ ఇంజక్షన్ వేయించుకోండర్రా అని పెద్దవాళ్ళు వెంటపడేది ఊరికే కాదు.

ఇంత రాయడానికి అసలు కారణం గుండె. అమ్మకో నాన్నకో టూడీ ఎకో (గుండె స్కాన్) తీయిస్తే రిపోర్ట్‌లో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో కొట్టుకీ తనలోని రక్తంలో ఎంత వంతు బయటికి పంపుతుందో ఆ లెక్క, 60 పర్సెంట్ అని చూసి అమ్మయ్య అనుకుని ఫైల్ మూసేస్తాం. చాలాసార్లు దాని కిందే గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్ అని ఉంటుంది, ఎవరూ చదవరు. అంటే గుండె బాగానే పిండుతోంది, కానీ పిండాక వదులవడం నెమ్మదించింది. ఇక్కడా అదే లెక్క, క్యాల్షియాన్ని వెనక్కి పంపే పంపులు వయసుతో మందగిస్తాయి, ఏళ్ళ తరబడి బీపీ ఉంటే గోడ మందమై బిరుసెక్కుతుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో కొట్టుకీ 0.8 సెకను పడుతుంది, అందులో 0.3 బిగుసుకోవడానికి, 0.5 వదులవడానికి, ఆ 0.5లోనే ఎడమ గుండె కండరానికి తన వంతు రక్తం ఎక్కువగా అందేది. వయసు పైబడినవాళ్ళలో గ్రేడ్ 1 చాలా మామూలు, చూసి కంగారు పడక్కర్లేదు. అలాగని వదిలేసేదీ కాదు. ఈఎఫ్ బాగానే ఉన్నా మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నాన్న అంటే, వయసు కదా అని కొట్టిపారేయకుండా ఆ లైన్ డాక్టర్‌కి చూపించి అడగండి, బీపీ, షుగర్ ఎలా ఉన్నాయో కూడా అప్పుడే చూపించండి.